నాన్న పక్కటెముకలు, అమ్మ దస్తీ

మా ఇంట్లో ఆదివారం పూట మగవాళ్ళకు ఇరవై మూడు పక్కటెముకలే ఉండేవి. సోమవారం నుంచి శనివారం దాకా ఇరవై నాలుగు.

నాన్న సూర్యాపేటలో సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పేవాడు. అమ్మ మా చర్చిలో సండే స్కూల్ టీచరు. దేవుడు ఆదామును మట్టితో చేసి, నిద్రపుచ్చి, ఒక పక్కటెముక తీసి హవ్వను చేశాడు కదా, అందుకని మగజాతికి ఇప్పటికీ ఒక ఎముక తక్కువేనని అమ్మ పిల్లలకు చెప్పేది. వాక్యంలో, అంటే బైబిల్లో, ఆ రెండో సగం లేదు. అది మిర్యాలగూడలో వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాట. ఆమెకు ఎవరు చెప్పారో ఆమె దేవునికే తెలియాలి. మా వైపు విశ్వాసుల్లో సగం మంది ఈ మాట నమ్ముతారు. తడిమి చూసుకుంటే తేలిపోయేదాన్ని ఎవరూ తడిమి చూసుకోరు.

"ఓ టీచరమ్మా," అనేవాడు నాన్న, బెండకాయ పులుసు కలుపుకుంటూ. "ఆదాముకు తీసిండు, సరే. వేలు తెగినోనికి కొడుకు పుడితే, ఆ కొడుక్కు వేలు లేకుంట పుడ్తడా?"

"తెగ్గొట్టింది గొడ్డలైతే వేలుతోనే పుడ్తడు. తీసింది దేవుడు, సార్."

నాన్నను వీధి వీధంతా సార్ అనేది. అమ్మ కూడా సార్ అనేది కానీ, అందులో గౌరవం పాలు ఎంతో ఎప్పుడూ తేలేది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారు కదా, మా ఇంట్లో ఆ కుందేళ్ళు రెండుండేవి. నేను బడి పరీక్షలో ఇరవై నాలుగని రాసి, సండే స్కూల్ పరీక్షలో ఇరవై మూడని రాసి, రెండింట్లోనూ ఫస్టు వచ్చాను. ఈ ఇంట్లో బతకాలంటే పేపరు ఎవరు దిద్దుతారో చూసుకుని రాయాలని అప్పుడే బోధపడింది.

నాన్న నాస్తికుడనుకునేరు. కాదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు వరుసలో కూర్చుని, అందరికంటే ఒక శ్రుతి పైన పాడేవాడు. చేసింది ఎవరో వాక్యం చెప్తుంది, ఎట్లా చేశాడో సైన్సు చెప్తుంది, రెంటికీ పంచాయితీ ఎందుకని ఆయన వాదన. కాకపోతే అమ్మను గిల్లకుండా ఉండలేడు. "సూర్యుణ్ణి నాలుగోనాడు చేసిండు గదా. మరి మొదటి మూడు రోజులు గడిచినయని ఎట్ల తెలిసింది? గడియారం ఎవరికాడున్నది?" అంటే, అమ్మ పెనం మీద నుంచి తల తిప్పకుండానే, "దేవునికాడ. నీకాడుంటె ఆరు రోజుల పని అరవై ఏండ్లయినా అయిపోకపోవు" అనేది.

అమ్మకు లోకంలో ఒకే ఒక్క భయం, గుంపు. ఒకసారి సువార్త మహాసభలకు పోతే, ప్రార్థన అయ్యాక జనంలో తప్పిపోయింది. పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది. మైకులో చెప్పించాకే నాన్నకు దొరికింది. అప్పటి నుంచి ఎక్కడికి పోయినా నాన్న పక్కనే ఉండాలి. మిర్యాలగూడ బస్సు వచ్చిందంటే చాలు, అది ఆగకముందే కిటికీలోంచి రెండు సీట్ల మీద అమ్మ దస్తీలు, అంటే చేతిరుమాళ్ళు, రెండు పడేవి. నాన్న ఎప్పుడూ బస్టాండు బయట ఎవరో పాత శిష్యుడితో ముచ్చట్లలో ఉండేవాడు. బస్సు నిండిపోయేది. నిలబడ్డవాళ్ళు అమ్మ పక్క సీటు కేసి చూసి, ఎవరన్నా ఉన్నారా అని అడిగేవాళ్ళు. అమ్మ దస్తీ మీద చెయ్యి వేసి, "మనిషున్నడు. వస్తడు" అనేది. డ్రైవరు హారన్ కొట్టినా, కండక్టరు విసుక్కున్నా అదే మాట. నాన్న నిజంగానే వచ్చేవాడు, కదిలే బస్సెక్కి, ఎంతో పని చేసి అలిసిపోయినట్టు చెమట తుడుచుకుంటూ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొన్నీమధ్య మా చర్చి సమాధుల తోటలో జాగా తక్కువైంది. పెద్దవయసు వాళ్ళు కావాలంటే ముందే చోటు చెప్పి పెట్టుకోవచ్చని కమిటీ వాళ్ళు ఆరాధన తర్వాత ప్రకటించారు. అమ్మ మర్నాడే పోయి, ప్రహరీ పక్కన పక్కపక్కనే రెండు చోట్లకు సున్నంతో గీతలు గీయించుకుని వచ్చింది. ప్లాటు కొన్న వాళ్ళ మొహంలా వెలిగిపోయిందట మొహం.

"రోడ్డు చప్పుడు ఉండదు సార్. తూర్పు ముఖం. ప్రభువు వచ్చేటప్పుడు లేసి కూసుంటే నేరుగ కనపడ్తడు."

నాన్న చాయ్ తాగుతున్నాడట. "ఒకటి చాలు, ఇంకోటి వాపసియ్యి. నేను రాను" అన్నాడట.

నేను కోదాడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. అమ్మ ఫోను వచ్చేసరికి ల్యాబులో ఉన్నాను. "బిడ్డా, మీ నాయిన నన్ను పరేషాన్ చేస్తుండు. సచ్చినంక నాతోని ఉండడంట" అంది. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆమె గొంతు విని ఊరుకున్నాను. సాయంత్రం మా ఆయనకు చెప్తే, ఆయన కోదాడ మనిషి, విజయవాడ రోడ్డు మీద పెరిగిన మనిషి, "మామయ్యగారు ఇన్నేళ్ళకి విడాకులడుగుతున్నారేంటి?" అని నవ్వాడు. ఆయన టిఫిన్ ఆయన్నే చేసుకోమని చెప్పి మర్నాడు సూర్యాపేట బస్సెక్కాను.

నాన్న చావు తర్వాత తన శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇస్తానంటున్నాడు. మా పట్నంలోనే కాలేజీ ఉంది. పిల్లలు కోసి చూసి నేర్చుకుంటారు. ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి, ముఖ్యంగా భార్య. ఆమె సంతకం లేకుండా తాను ఇవ్వనని నాన్నే అన్నాడు.

"సర్వీసంత బోర్డు మీద గుండె గీసిన. ఎర్ర చాక్‌పీస్ ఒక దిక్కు, నీలం చాక్‌పీస్ ఒక దిక్కు," అన్నాడు నాన్న. "ఒక్క పిల్లగానికన్న అసలు గుండె సూపియ్యలే. నేను గూడ సూడలే. పోయినంక మట్టిల కలిసేదే గదా. నలుగురికి అక్కరకు రానీ."

"నీ గుండె నువ్వు సూస్తవా ఏంది అప్పుడు?" అంది అమ్మ.

నాన్న నా వైపు తిరిగాడు. ఈ మాట నాతో అన్నాడు, అమ్మతో కాదు. "మా నాయిన మోతె ఊర్ల దొరల కాడ పాలేరుగ జీతమున్నడు. ఆయన చెయ్యి తగిలితె చెంబు కడుక్కునేటోళ్ళు. గసుంటోళ్ళ మనుమలు, మనుమరాండ్లు రేపు నా చెయ్యి పట్టుకొని, గీ నరం ఏడికి పోతదని సూసుకుంటరు. నాకు గది కావాలె."

 నేను ఆ క్షణాన నాన్న వైపయిపోయాను, అమ్మ అది పసిగట్టింది. "నువ్వు గూడ మీ నాయిన పార్టీనే" అని వంటింట్లోకి పోయింది. వెనకాలే పోయాను.

ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. చాలాసేపు ఈనెలే తీసింది. "కోస్తరని గాదు బిడ్డా," అంది చివరికి. "దవాఖానల కూడ కోస్తరు. దేవుని పనికే గదా, కోసుకోనీ. గని ఆఖరి దినాన బూర మోగినప్పుడు సచ్చినోళ్ళందరు లేస్తరు. ఆదాము కాడికెల్లి అందరు. ఎంత గుంపుంటదో సూడు. నేను లేసి పక్కకు సూస్తే మీ నాయిన ఉండడు. తెలిసిన మొఖం ఒక్కటి ఉండదు. గప్పుడు నేనేం చెయ్యాలె? మైకుల చెప్పియ్యాల్నా?"

నవ్వాల్సిన మాటే. కానీ ఆమె నవ్వలేదు. నేను బీయస్సీ, ఎమ్మెస్సీ చదివాను, పిల్లలకు శక్తి నిత్యత్వ నియమం చెప్తాను. అందులో గుంపులో మనిషిని వెతికే లెక్క లేదు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్నట్టు ఆ రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడ్డాను.

తీర్పు కోసం మిర్యాలగూడ పోదామని అమ్మే అంది. అక్కడ మా పెద్ద మామ ఉన్నాడు, అమ్మకు సొంత అన్న, రిటైరైన పాస్టరు. అన్న మాట అంటే అమ్మకు వేదం. ఆయన ఒక్కసారి గద్దిస్తే నాన్న తోక ముడుస్తాడని ఆమె ధైర్యం. బస్టాండులో దస్తీలు మామూలుగానే పడ్డాయి. అంత కోపంలోనూ నాన్న సీటు ఆపడం మానలేదు. ఆయన వచ్చి కూర్చున్నాక మాత్రం దారి పొడుగునా కిటికీలోంచి పొలాలే చూసింది.

మామ ఇల్లు రైస్ మిల్లుల వెనక. ఇంటినిండా ఉడికిన వడ్ల వాసన. మామ మంచం మీద కూర్చుని ఇద్దరి వాదనా విన్నాడు. నాన్న ముందే తయారై వచ్చాడు. "బావా, ఒంట్ల రక్తం మారుతది, తోలు మారుతది. పెండ్లినాటి ఒళ్ళు ఇప్పుడు లేదు. రేపు లేసేది ఏ ఒళ్ళు? పెండ్లినాటిదా, ఇప్పటిదా?"

"పెండ్లినాటిదైతే మంచిగుండు," అంది అమ్మ, ఎవరినీ చూడకుండా.

మామ నవ్వి దగ్గాడు. "మట్టి పిసికి ఊపిరి ఊదినోనికి మట్టి కరువా చెల్లె? కృష్ణల కొట్టుకపోయినోళ్ళున్నరు. కాలిపోయినోళ్ళున్నరు. ఎముక దొరకనోళ్ళున్నరు. అందర్ని పేరు పెట్టి పిలుస్తడాయన. కాలేజీ నుంచి పిలవలేడా? బావ చేసేది పాపం గాదు. చెయ్యనియ్యి."

అమ్మ మొహం చూడలేకపోయాను. సొంత అన్నే కాదన్నాక ఇక ఎవరి దగ్గరికి పోవాలి. నాన్న కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు, గెలిచినవాడు జరిగినట్టే. మామ ఆయన వైపు తిరిగాడు.

"నువ్వు గూడ ఇను బావా. నువ్వు జవాబు మంచిగ చెప్తున్నవ్. గని మా చెల్లె అడుగుతున్నది గది గాదు. ఆత్మ ఏడుంటదో నాకు తెల్వదు, నీ పుస్తకంల గూడ లేదు. మా చెల్లెకైతే అది నీ పక్కన కూసున్నప్పుడే నిమ్మళంగ ఉంటది. దానికేం చెప్తవో చెప్పు."

నాన్న వెనక్కి జరిగాడు.  సైన్సు మాస్టారు, ఎవరు ఏం అడిగినా రెండు ఉదాహరణలతో జవాబు చెప్పే మనిషి, అత్తగారింట్లో చాయ్ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తిరుగు బస్సులో తనే, "వద్దులే టీచరమ్మా. నువ్వు భయపడితే వద్దు. ఆ గీతల మధ్యనే పండుకుంట" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు కనిపించింది. అమ్మకూ కనిపించింది.

అమ్మ సంతోషపడుతుందనుకున్నాను. ఆమె రెండు రోజులు పొడిపొడిగా తిరిగి, మూడోనాడు, "గా కాలేజీ ఒకసారి సూడాలె" అంది. "వద్దనేది చూసినంక వద్దంటా. చూడకుంట అంటె నాదే తప్పయితది."

నిడమనూరు నుంచి వచ్చి మా కాలేజీలో ఇంటర్ చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు అదే మెడికల్ కాలేజీలో చదువుతోంది. ఆమెతో మాట్లాడాను. వాళ్ళ సార్లను అడిగి మమ్మల్ని ముగ్గుర్నీ రమ్మంది. అమ్మ చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. లోపలికి పోయాక కిరాయి ఇల్లు చూసుకునే మనిషిలా చూడడం మొదలుపెట్టింది. కిటికీలు తెరిచి చూసింది. ఫ్యాన్లు చూసింది. మందు వాసనకు కొంగు అడ్డం పెట్టుకుంది. గుడ్డ కప్పిన బల్లల దగ్గరికి మాత్రం పోలేదు. దూరం నుంచే ప్రశ్నలు.

"బిడ్డా, కోసేముందు ఏమన్న చెప్తరా వాళ్ళకు?"

"మొదటిరోజు అందరం నిలబడి దండం పెట్టుకుంటం అమ్మమ్మా. మీరు మాకు మొదటి గురువులు అని చెప్తం. మా మేడం మాట్లాడుకుంట కోస్తె ఊకోదు. అయినంక మిగిలింది మంచిగ సాగనంపుతం."

"నవ్వుతరా?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. "భయమైనప్పుడు నవ్వొస్తది అమ్మమ్మా. తర్వాత రాదు."

అమ్మ తల ఊపింది. ఆ జవాబు ఆమెకు నచ్చింది. అప్పుడు కనిపించింది గది మూలన, ఇనుప కడ్డీకి వేలాడదీసిన అస్థిపంజరం. అమ్మ నేరుగా దాని ముందుకు పోయి నిలబడింది.

"ఇది ఆడమనిషిదా, మగమనిషిదా?"

"మగమనిషిదే. నడుము ఎముకలు చూసి చెప్పొచ్చు."

"అసలుదేనా?"

"అసలుదే అమ్మమ్మా."

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరికీ ఏం జరగబోతోందో తెలిసిపోయింది. అమ్మ చూపుడు వేలు పెట్టి పైనుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కుడివైపు పన్నెండు. ఎడమవైపుకు మారింది. నెమ్మదిగా, ఒక్కో ఎముక మీద వేలు ఆనించి, పెదాలు కదిలిస్తూ. పన్నెండు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. పన్నెండే. ఎన్ని తరాల సండే స్కూల్ పిల్లలకు చెప్పిందో ఆ ఒక్క ఎముక సంగతి.  ఇన్నేళ్ళ పోట్లాటలో నాన్న గెలవాలని చూసిన నేను, ఒక ఎముక తక్కువ రానీ ప్రభువా అనుకున్నాను నిజంగానే.

నాన్న నవ్వలేదు. చూశావా అనలేదు. నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. నాకు ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది.

అమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది, చదువు మంచిగా రావాలని, చెయ్యి వణకకుండా ఉండాలని. బయటికి వచ్చి ఆటో ఎక్కాం. ఆటో పాత బస్టాండు దాటింది.

"సార్," అంది అమ్మ.

"ఊ."

"లెక్క సరిపోయింది."

"పోనీలే. గదేమంత పెద్ద..."

"ఆగు, చెప్పనియ్యి. తీసింది అబద్ధం గాదు. తీసిండు. గని జాగ ఖాళీగ పెట్టలే. మళ్ళ పెట్టిండు. ఇన్నేండ్లు నేను పిల్లలకు తీసిందే చెప్పిన, మళ్ళ ఇచ్చిందైతే చెప్పలే."

నాన్న నోరు తెరిచాడు. జన్యువులని ఏదో చెప్పబోతున్నాడు, నలభై ఏళ్ళ అలవాటు. నేను మోచేత్తో పొడిచాను. మూసుకున్నాడు.

"గంత చిన్న ఎముకనే యాదిపెట్టుకొని మళ్ళ ఇచ్చినోడు, నిన్ను ఇయ్యడా నాకు? ఇస్తడు. సంతకం ఏడ పెట్టాల్నో చెప్పు."

నాకు ఏడుపొచ్చేసింది. ఆటో అద్దంలో డ్రైవరు చూస్తున్నాడని కూడా ఆగలేదు. నాన్న అమ్మ వైపు తిరిగి, "భయం గాదా?" అని అడిగాడు. ఆమెను ఆయన ఏదైనా నిజంగా తెలుసుకోవడానికి అడగడం నేను విన్నది అప్పుడే.

"అయితది," అంది అమ్మ. "అయినా ఇస్త."

సంతకం పెట్టింది. నేనూ పెట్టాను. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, పోట్లాటా ఆరోగ్యంగానే ఉంది. ఇప్పుడు అమ్మ పిల్లలకు ఇరవై నాలుగనే చెప్తుంది కానీ, కథ కొంచెం పొడుగైంది, ఆదాము నిద్ర లేచి తడిమి చూసుకునే ఘట్టం ఒకటి వచ్చి చేరింది. అది కూడా వాక్యంలో లేదని నాన్న అంటాడు. పక్కలోంచి ఎముక పోతే తడిమి చూసుకోకుండా ఎవడైనా ఉంటాడా అని అమ్మ వాదన.

మొన్న ఈస్టరు తెల్లవారుజామున అందరం సమాధుల తోటకు పోయాం. ప్రహరీ పక్కన అమ్మ గీయించిన గీతలు వానలకు చెరిగిపోతే, నాన్నే సున్నం డబ్బా తెచ్చి మళ్ళీ గీశాడు, రెండు చోట్లకూ. కమిటీలో ఒక పెద్దాయన అది చూశాడు. మంచి మనిషే, జాగా దొరక్క ఆయన బాధ ఆయనది. "సిస్టర్, సార్‌ను కాలేజీకి ఇస్తున్నరంట గదా. మరి గీ పక్క జాగ ఖాళీయే గదా, ఇంకెవరికన్న ఇద్దమా?" అని అడిగాడు.

అమ్మ బొడ్డు దగ్గర దోపుకున్న దస్తీ తీసింది. రెండో చోటు మీద పరిచి, గాలికి పోకుండా ఒక రాయి పెట్టింది.

"మనిషున్నడు," అంది. "వస్తడు."